కాంతి పాఠం: మన హాస్టల్ సామానుతోనే నేర్చుకుందాం

(ఒక పూర్వ విద్యార్థి, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)



వార్షికోత్సవ సంచికకు పదో తరగతి పిల్లలకు పనికొచ్చే పాఠం ఒకటి రాసి పంపమని అడిగారు. ఏ పాఠం రాయాలా అని పెద్దగా ఆలోచించలేదు. కాంతి పాఠమే రాద్దామనుకున్నాను. ఎందుకంటే మన పిల్లలు ఎక్కువ మంది బట్టీపట్టే పాఠం ఇదే. ‘పతన కోణం పరావర్తన కోణానికి సమానం’ అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ చేతికి అద్దం ఇచ్చి చూపించమంటే తికమక పడతారు. అడిగితే ‘మాకు ల్యాబ్ లేదు సార్’ అంటారు.

ఈ పాఠానికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా, తల దువ్వుకునే అద్దం, దువ్వెన, రూపాయి బిళ్ల, టార్చిలైటు, బకెట్టు నీళ్లు ఉంటే చాలు. ఇవన్నీ మన ట్రంకు పెట్టెల్లో, మెస్సులో ఉన్నవే. స్టడీ అవర్‌లో ఒక్కో అంశం చదవండి, ఆదివారం దాన్ని చేసి చూడండి. ఈ పాఠంలో మార్కులతోపాటు మన ప్రాణానికి, మన చూపుకు సంబంధించిన విషయాలు కూడా ఉన్నాయి. వాటి దగ్గరికి వచ్చినప్పుడు మరింత శ్రద్ధగా చదవండి.

1. మనకు వస్తువులు ఎలా కనిపిస్తాయి?

పూర్వం గ్రీకుల్లో కొందరు కంటి నుంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని నమ్మారు. అదే నిజమైతే చీకట్లో కూడా మనకు అన్నీ కనిపించాలి. కరెంటు పోతే హాలులో పక్క మంచం కూడా కనిపించదు గదా! సుమారు వెయ్యేళ్ల క్రితం ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్బు శాస్త్రవేత్త కాంతి మీద పెద్ద గ్రంథం రాశాడు. వస్తువు నుంచి బయలుదేరిన కాంతి మన కంట్లోకి వస్తేనే చూపు కలుగుతుందని అందులో వాదించాడు. సూర్యుడు, దీపం స్వయంగా వెలుగుతాయి. పుస్తకం, గోడ, మన పక్కవాడి ముఖం మాత్రం తమ మీద పడిన కాంతిని మన వైపు పంపుతాయి.

కాంతి వేగం శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. ఖచ్చితంగా చెప్పాలంటే సెకనుకు 29,97,92,458 మీటర్లు. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. 15 కోట్లను 3 లక్షలతో భాగిస్తే 500 సెకన్లు, అంటే 8 నిమిషాల 20 సెకన్లు. ఉదయం ప్రార్థన సమయంలో మన మీద పడే ఎండ 8 నిమిషాల ముందే సూర్యుడి దగ్గర బయలుదేరింది. కాంతికి వేగం ఉందని, అది ఒక్క క్షణంలో అంతటా వ్యాపించదని 1676లో రోమర్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త చెప్పాడు. గురుగ్రహం చుట్టూ తిరిగే ఒక చంద్రుడి గ్రహణాలను గమనించి ఆయన ఈ సంగతి కనిపెట్టాడు.

2. కాంతి తిన్నగా ప్రయాణిస్తుంది

ఒకే యానకంలో కాంతి ఋజుమార్గంలో పోతుంది. నీడలు ఏర్పడటానికి ఇదే కారణం. శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులు ఉదయపు ఎండ నేరుగా గర్భగుడిలోకి వచ్చి మూలవిరాట్టును తాకుతుంది. సూర్యుడు ఉదయించే చోటు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా జరుగుతూ ఉంటుంది. ద్వారం, విగ్రహం ఉన్న వరుసలోకి అతను వచ్చే రోజులు ఏడాదిలో రెండుసార్లు వస్తాయి. కట్టినవారు ఆ లెక్క తెలిసి కట్టారు. హంపి విరూపాక్ష ఆలయంలో చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుతురులో గోపురం బొమ్మ గోడ మీద తలకిందులుగా పడుతుంది. గోపురం పైనుంచి వచ్చే కిరణం రంధ్రం దాటి గోడ కిందికి పోతుంది, కిందినుంచి వచ్చే కిరణం గోడ పైకి పోతుంది. తిన్నగా పోవడం వల్లనే బొమ్మ తిరగబడింది.

చేసి చూడండి: మధ్యాహ్నం వేపచెట్టు కింద నేల మీద పడే వెలుగు మచ్చలను గమనించండి. ఆకుల సందులు రకరకాల ఆకారాల్లో ఉన్నా మచ్చలు చాలావరకు గుండ్రంగానే ఉంటాయి. ప్రతి మచ్చా సూర్యుడి బొమ్మే. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం రోజు ఉదయం మన ప్రాంతంలో సూర్యుడు నెలవంకలా తరిగినప్పుడు చెట్ల కింద మచ్చలు కూడా నెలవంకల్లాగే పడ్డాయి. గ్రహణం రోజు సూర్యుడిని నేరుగా చూడకూడదు. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్లద్దాలు కూడా కంటిని కాపాడలేవు. చెట్టు కింద మచ్చలను చూస్తే చాలు, గ్రహణం కనిపిస్తుంది.

3. పరావర్తనం

కాంతి ఒక తలాన్ని తాకి వెనక్కి మళ్లడమే పరావర్తనం. తాకిన బిందువు దగ్గర తలానికి నిలువుగా గీసిన గీత లంబం. పతన కిరణం లంబంతో చేసే కోణం పతన కోణం, వెనక్కి వచ్చిన కిరణం లంబంతో చేసేది పరావర్తన కోణం. రెండూ సమానం. కోణాన్ని అద్దంతో కాకుండా లంబంతో కొలవాలని గుర్తుంచుకోండి. పరీక్షలో ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ‘కిరణం అద్దంతో 30° కోణం చేస్తే పరావర్తన కోణమెంత?’ అంటే జవాబు 60°.

చేసి చూడండి: తెల్ల కాగితం మీద అద్దాన్ని నిలువుగా పెట్టండి. దాని ముందు దువ్వెన నిలబెట్టి, వెనకనుంచి టార్చి వేయండి. దువ్వెన పళ్ల మధ్య నుంచి సన్నని వెలుగు గీతలు కాగితం మీద పడి, అద్దాన్ని తాకి మళ్లుతాయి. పెన్సిలుతో గీతలు గీసి కోణమానినితో కొలవండి. సూత్రం మీ చేత్తో మీరే కనుక్కున్నట్టు అవుతుంది.

సమతల దర్పణంలో ప్రతిబింబం మిథ్యా ప్రతిబింబం. అది నిటారుగా, వస్తువంత పరిమాణంలో, అద్దం ముందు వస్తువు ఎంత దూరంలో ఉందో వెనక అంతే దూరంలో ఉంటుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి. దీన్నే పార్శ్వ విలోమం అంటారు. అంబులెన్సు ముందు భాగంలో ఇంగ్లీషు అక్షరాలు తిరగేసి రాస్తారు. ముందు పోయే లారీ డ్రైవరు తన అద్దంలో చూసినప్పుడు అవి సరిగ్గా కనిపించి దారి ఇస్తాడు.

నిలువెత్తు మనిషి పూర్తిగా కనిపించాలంటే అతని ఎత్తులో సగం ఎత్తున్న అద్దం చాలు. ఐదడుగుల అబ్బాయికి రెండున్నర అడుగుల అద్దం సరిపోతుంది. హాస్టల్‌కు అద్దం కొనేటప్పుడు పనికొచ్చే లెక్క ఇది.

గోడ మీద పడిన కాంతి కూడా పరావర్తనం చెందుతుంది. కానీ గోడ గరుకుగా ఉంటుంది కాబట్టి కిరణాలు అన్ని దిక్కులకూ చెదిరిపోతాయి. అందుకే గోడ కనిపిస్తుంది గాని గోడలో మన ముఖం కనిపించదు. హాలుకు తెల్ల సున్నం వేస్తే అదే బల్బు వెలుగు ఎక్కువగా అనిపించేదీ అందుకే.

1969 జులైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద వచ్చిన దారినే కాంతిని తిప్పిపంపే అద్దాల పలక ఒకటి పెట్టి వచ్చారు. భూమి నుంచి లేజర్ కిరణం పంపి, అది తిరిగి వచ్చిన సమయాన్ని కొలిచి చంద్రుడి దూరాన్ని ఖచ్చితంగా లెక్కకట్టారు. దానికి ఆధారం మన అద్దం ముక్క దగ్గర నేర్చుకున్న సూత్రమే.

4. స్టీలు చెంచా: రెండు దర్పణాలు

భోజనాల దగ్గర కొత్త స్టీలు చెంచా తీసుకోండి. లోపలి వైపు పుటాకార దర్పణం, వెనక వైపు కుంభాకార దర్పణం. లోపలి వైపు చూస్తే మీ ముఖం తలకిందులుగా ఉంటుంది. వెనక తిప్పితే నిటారుగా, చిన్నదిగా ఉంటుంది.

పుటాకార దర్పణం సమాంతర కిరణాలను ఒక్కచోటికి చేరుస్తుంది. ఆ చోటే నాభి. సోలార్ కుక్కర్లు, టార్చిలైటు రిఫ్లెక్టరు, పంటి డాక్టరు చిన్న అద్దం ఈ రకానివే. కుంభాకార దర్పణం ఎప్పుడూ చిన్న ప్రతిబింబాన్నే ఇస్తుంది, కానీ ఎక్కువ ప్రదేశాన్ని చూపిస్తుంది. అందుకే బస్సులకు పక్కన దాన్ని బిగిస్తారు. అందులో వెనక వాహనం ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు అనిపిస్తుందని డ్రైవర్లు గుర్తుంచుకోవాలి.

ఒక లెక్క చేద్దాం. నాభ్యంతరం 15 సెం.మీ. ఉన్న పుటాకార దర్పణం ముందు 20 సెం.మీ. దూరంలో కొవ్వొత్తి ఉంది. ప్రతిబింబం ఎక్కడ? దర్పణ సూత్రం ప్రకారం వస్తుదూరపు విలోమం, ప్రతిబింబ దూరపు విలోమం కలిపితే నాభ్యంతరపు విలోమం. దర్పణం ముందు కొలిచే దూరాలకు మైనస్ గుర్తు పెట్టాలి. కనుక ప్రతిబింబ దూరపు విలోమం = −1/15 + 1/20 = −1/60. ప్రతిబింబ దూరం −60 సెం.మీ. మైనస్ వచ్చింది కాబట్టి దర్పణం ముందే ఏర్పడింది. అది నిజ ప్రతిబింబం, తలకిందులు, 60/20 అంటే మూడు రెట్లు పెద్దది. లెక్క మొదలుపెట్టే ముందు దూరాలకు గుర్తులు పెట్టడం అలవాటు చేసుకుంటే ఈ లెక్కల్లో తప్పు రాదు.

5. వక్రీభవనం

కాంతి ఒక యానకం నుంచి ఇంకో యానకంలోకి ఏటవాలుగా పోయేటప్పుడు దారి మళ్లుతుంది. ఇదే వక్రీభవనం. కారణం వేగంలో మార్పు. తారురోడ్డు మీద పోయే ఎడ్లబండి ఏటవాలుగా ఇసుకలోకి దిగిందనుకోండి. ముందు దిగిన చక్రం నెమ్మదిస్తుంది, రెండోది ఇంకా రోడ్డు మీదే వేగంగా ఉంటుంది. బండి తిరుగుతుంది. నేరుగా దిగితే రెండు చక్రాలూ ఒకేసారి నెమ్మదిస్తాయి కాబట్టి బండి తిరగదు. కాంతి కూడా అంతే. లంబం వెంట పడిన కిరణం మళ్లదు.

గాలి నుంచి నీటిలోకి, అంటే విరళ యానకం నుంచి సాంద్రతర యానకంలోకి పోతే కిరణం లంబం వైపు వంగుతుంది. నీటి నుంచి గాలిలోకి వస్తే లంబానికి దూరంగా వంగుతుంది. పతన కోణపు సైన్ విలువను వక్రీభవన కోణపు సైన్ విలువతో భాగిస్తే ఆ రెండు యానకాలకు ఎప్పుడూ ఒకే సంఖ్య వస్తుంది. 1621లో హాలెండు దేశస్థుడు స్నెల్ కనుగొన్న నియమం ఇది. శూన్యంలో కాంతి వేగాన్ని యానకంలో వేగంతో భాగిస్తే వచ్చేది వక్రీభవన గుణకం. నీటికి 1.33, మామూలు గాజుకు సుమారు 1.5, వజ్రానికి 2.42. అంటే నీటిలో కాంతి వేగం సెకనుకు సుమారు రెండుంపావు లక్షల కిలోమీటర్లు, గాజులో 2 లక్షలు.

చేసి చూడండి: స్టీలు గిన్నెలో రూపాయి బిళ్ల వేయండి. గిన్నె అంచు అడ్డుపడి బిళ్ల కనిపించకుండా పోయే దాకా వెనక్కి జరగండి. అక్కడే కదలకుండా నిలబడి, స్నేహితుణ్ని నెమ్మదిగా నీళ్లు పోయమనండి. బిళ్ల పైకి తేలినట్టు మళ్లీ కనిపిస్తుంది. నిజానికి బిళ్ల కదల్లేదు. దాని నుంచి వచ్చిన కిరణం నీటి ఉపరితలం దగ్గర వంగి మీ కంట్లోకి వచ్చింది. కాంతి తిన్నగానే వచ్చిందని మనం అనుకుంటాం కాబట్టి బిళ్ల పైన ఉన్నట్టు అనిపిస్తుంది. అద్దంలో బొమ్మ, నీటిలో వంగిన పెన్సిలు, ఎండమావి, అన్నిటికీ ఇదే కిటుకు.

6. బావి లోతు: ఈ లెక్క తప్పకుండా నేర్చుకోండి

నిజ లోతును వక్రీభవన గుణకంతో భాగిస్తే కనిపించే లోతు వస్తుంది. నీటి గుణకం 1.33, అంటే సుమారు 4/3. కాబట్టి నీటి లోతు ఎప్పుడూ నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ లెక్క చేయండి. వ్యవసాయ బావిలో నీరు తేటగా ఉంది, అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి. నీటి లోతు 6 అడుగులు. కనిపించేది 6 × 3/4 = నాలుగున్నర అడుగులు. 5 అడుగుల ఎత్తున్న తొమ్మిదో తరగతి అబ్బాయి గట్టు మీద నిలబడి ‘నా మెడ దాకానే ఉంటుంది’ అనుకుంటాడు. దిగితే నీరు అతని తల మీద ఒక అడుగు ఎత్తున ఉంటుంది. పైగా ఇది నిట్టనిలువుగా కిందికి చూసినప్పటి లెక్క. గట్టు మీద నుంచి ఏటవాలుగా చూస్తే లోతు ఇంకా తక్కువగా కనిపిస్తుంది.

వేసవి సెలవుల్లో, పండగ సెలవుల్లో చెరువులో, కాలువలో, క్వారీ గుంటలో పిల్లలు మునిగిపోయారన్న వార్త పేపర్లో ఏటా చదువుతూనే ఉన్నాం. ఈత రాకపోవడం, బురద, ఒరవడి వంటి కారణాలు ఎన్నో ఉంటాయి. కంటికి తక్కువగా కనిపించే లోతు కూడా వాటికి తోడవుతుంది. ఆ పిల్లలు కూడా పుస్తకంలో ‘దృశ్య లోతు’ అనే మాట చదివే ఉంటారు. ఆ మాట గట్టు మీద గుర్తుకు రావాలి. అందుకే చెబుతున్నాను. తెలియని నీటిలో కంటి అంచనాను నమ్మి దిగవద్దు. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకవద్దు. తాడు, తువ్వాలు, పొడవాటి కర్ర, ఏది దొరికితే అది అందించండి. గట్టిగా కేకలేసి పెద్దల్ని పిలవండి. ఈ పేజీలో ఏది మరిచిపోయినా ఈ నాలుగింట మూడు వంతుల లెక్క మాత్రం మరవద్దు. ఇంటికి వెళ్లినప్పుడు మీ చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు గిన్నె, రూపాయి బిళ్ల పెట్టి చూపించండి.

నీళ్లలో చేపను ఈటెతో కొట్టేవాళ్లకు ఈ సంగతి ఏ బడీ చెప్పకుండానే తెలుసు. చేప కనిపించే చోటుకు కాస్త కిందికి గురిపెడతారు.

7. బయటికి రాలేని కాంతి

నీటిలో నుంచి గాలిలోకి వచ్చే కిరణం లంబానికి దూరంగా వంగుతుందని చెప్పుకున్నాం. పతన కోణం పెంచుకుంటూ పోతే ఒక కోణం దగ్గర వక్రీభవన కిరణం నీటి ఉపరితలాన్ని ఆనుకుని పోతుంది. అదే సందిగ్ధ కోణం. నీటికి సుమారు 49°, గాజుకు సుమారు 42°, వజ్రానికి సుమారు 24°. అంతకు మించితే కాంతి బయటికి రాక మొత్తం లోపలికే మళ్లుతుంది. దీన్ని సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. వజ్రానికి సందిగ్ధ కోణం చాలా తక్కువ కాబట్టి లోపలికి పోయిన కాంతి చాలాసార్లు తిరిగి బయటికి వస్తుంది. ఆ మెరుపుకు అదే కారణం.

వేసవిలో తారురోడ్డు మీద దూరాన నీళ్లున్నట్టు కనిపించే ఎండమావి కూడా ఇందులో భాగమే. రోడ్డుకు దగ్గరగా ఉన్న గాలి బాగా వేడెక్కి పలచబడుతుంది. పైనుంచి ఏటవాలుగా వచ్చిన ఆకాశపు కాంతి అక్కడ వంగి పైకి మళ్లి మన కంట్లో పడుతుంది. రోడ్డు మీద ఆకాశం కనిపిస్తే అది నీరేమో అనుకుంటాం.

చేసి చూడండి: ప్లాస్టిక్ బాటిలుకు కింది భాగంలో చిన్న రంధ్రం చేసి నీళ్లు నింపండి. చీకటి గదిలో రంధ్రానికి ఎదురు వైపు నుంచి టార్చి వేయండి. వంపు తిరిగి పడే నీటిధార వెంట వెలుగు కూడా కొంత దూరం వంగి పోతుంది. ధార కింద చెయ్యి పెడితే వేలి మీద వెలుగు కనిపిస్తుంది. ఇదే సూత్రంతో ఆప్టికల్ ఫైబర్ పనిచేస్తుంది. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1950లలో లండన్‌లో గాజు పోగుల గుండా బొమ్మను పంపి చూపించాడు. ఈ పోగుల ద్వారా చాలా దూరం సమాచారం పంపవచ్చని చూపిన చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రోజు మన సెల్‌ఫోనులో చూసే వీడియో ఎక్కువ దూరం ఇలాంటి గాజు పోగుల్లోనే ప్రయాణించి వస్తుంది.

8. తెల్లని కాంతిలో ఏడు రంగులు

1666 ప్రాంతంలో న్యూటన్ కిటికీ తలుపుకు చిన్న రంధ్రం చేసి, వచ్చిన ఎండను గాజు పట్టకం గుండా పంపాడు. గోడ మీద ఊదా, ఇండిగో, నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల పట్టీ పడింది. రంగులను గాజు కలిపిందని కొందరు అనుకునేవారు. న్యూటన్ ఒక రంగును మాత్రమే తీసుకుని రెండో పట్టకం గుండా పంపాడు. కొత్త రంగులేవీ రాలేదు. విడిపోయిన రంగులను మళ్లీ కలిపితే తెల్ల కాంతి వచ్చింది. రంగులన్నీ ముందే తెల్లని కాంతిలో ఉన్నాయని అలా రుజువు చేశాడు. ఇలా రంగులు విడిపోవడాన్ని కాంతి విక్షేపణం అంటారు. గాజులో ఊదా రంగు ఎక్కువగా వంగుతుంది, ఎరుపు తక్కువగా వంగుతుంది. అందుకే అవి విడిపోతాయి.

చేసి చూడండి: పట్టకం లేకపోయినా ఫరవాలేదు. పళ్లెంలో నీళ్లు పోసి కిటికీ దగ్గర ఎండలో పెట్టండి. అద్దాన్ని సగం నీటిలో మునిగేలా ఏటవాలుగా నిలపండి. నీటిలోని అద్దం భాగం నుంచి వచ్చిన వెలుగును తెల్ల కాగితం మీద పట్టండి. రంగుల పట్టీ కనిపిస్తుంది. అద్దంలో మెరిసే సూర్యుడిని మాత్రం నేరుగా చూడవద్దు.

ఇంద్రధనుస్సులో ప్రతి వాన చినుకూ ఒక పట్టకమే. కాంతి చినుకులోకి పోతూ ఒకసారి వంగి, లోపల వెనక గోడకు తగిలి పరావర్తనం చెంది, బయటికి వస్తూ ఇంకోసారి వంగుతుంది. సూర్యుడికి ఎదురు బిందువు నుంచి ఎరుపు సుమారు 42° కోణంలో, ఊదా సుమారు 40° కోణంలో కనిపిస్తాయి. అందుకే ఎరుపు పై అంచున ఉంటుంది. ఇంద్రధనుస్సు చూడాలంటే సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. ఉదయం పడమర, సాయంత్రం తూర్పున కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు బాగా పైన ఉంటాడు కాబట్టి నేల మీద నిలబడ్డవాళ్లకు ఆకాశంలో కనిపించదు.

9. ఆకాశం నీలం, సంధ్య ఎరుపు

గాలి అణువులు తమ మీద పడిన కాంతిని చుట్టూ చెదరగొడతాయి. ఇది పరిక్షేపణం. తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న నీలం కాంతి ఎరుపు కంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువగా చెదురుతుంది. ఆకాశంలో ఏ దిక్కు చూసినా చెదిరిన ఆ నీలమే మన కంట్లో పడుతుంది. సాయంత్రం సూర్యకాంతి చాలా ఎక్కువ దూరం గాలిలో ప్రయాణించాలి. నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. గాలి లేని చంద్రుడి మీద పగలు కూడా ఆకాశం నల్లగానే ఉంటుంది.

చేసి చూడండి: గాజు గ్లాసు నీటిలో రెండు మూడు చుక్కల పాలు కలిపి, చీకట్లో ఒక వైపు నుంచి టార్చి వేయండి. పక్కనుంచి చూస్తే నీళ్లు కొంచెం నీలంగా, ఎదురుగా చూస్తే వెలుగు పసుపు ఎరుపుగా ఉంటుంది. ఒకే గ్లాసులో పగలూ సాయంత్రమూ కనిపిస్తాయి.

ఈ విషయంలో మనం గర్వంగా చెప్పుకోవలసిన పేరు సర్ సి.వి. రామన్. ఆయన తండ్రి విశాఖపట్నంలో కాలేజీ లెక్చరరు కావడంతో రామన్ చిన్ననాటి చదువు అక్కడే సాగింది. తర్వాత కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగం చేస్తూనే ఉదయం, సాయంత్రం ప్రయోగశాలలో పరిశోధన చేశాడు. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూసి ఆలోచనలో పడ్డాడు. అది ఆకాశపు ప్రతిబింబమేనని అప్పట్లో చెప్పేవారు. నీటి మీద పరావర్తనాన్ని తొలగించే చిన్న స్ఫటికపు పట్టకం గుండా చూశాడు. నీలం అలాగే ఉంది. నీటి అణువులు కూడా కాంతిని చెదరగొడతాయని గ్రహించాడు. నీరు ఎరుపును కొంత పీల్చుకోవడం కూడా సముద్రపు రంగుకు ముఖ్య కారణమని ఈనాడు తెలుసు. ఆ పరిశోధన కొనసాగించి 1928 ఫిబ్రవరి 28న చెదిరిన కాంతిలో కొంత భాగం రంగు, అంటే తరంగదైర్ఘ్యం మారుతుందని కనుగొన్నాడు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫిబ్రవరి 28ని 1987 నుంచి జాతీయ సైన్సు దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం ఆయన శిష్యుడే. పై ఏడాది ఫిబ్రవరి 28న మన హాస్టల్ వరండాలో ఈ ప్రయోగాలన్నీ వరసగా పెట్టి ఊరి పిల్లలకు చూపిస్తే బాగుంటుంది.

10. చీర రంగు, టీవీ రంగు

ఆకు మీద తెల్ల కాంతి పడితే ఆకు మిగతా రంగుల్ని ఎక్కువగా పీల్చుకుని ఆకుపచ్చను తిప్పిపంపుతుంది. నలుపు దాదాపు అన్నిటినీ పీల్చుకుంటుంది, తెలుపు దాదాపు అన్నిటినీ తిప్పిపంపుతుంది. ఎర్ర గులాబీ మీద నీలం కాంతి మాత్రమే వేస్తే అది నల్లగా కనిపిస్తుంది. తిప్పిపంపడానికి దానికి ఎరుపు దొరకలేదు గదా! బట్టల దుకాణంలో మన అమ్మలు చీరను గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తారు. షాపు లైట్లలో అన్ని రంగులూ సమపాళ్లలో ఉండవని వాళ్లకు అనుభవంతో తెలుసు.

సెల్‌ఫోను తెర మీద చిన్న నీటిచుక్క పెట్టి చూడండి. చుక్క కటకంలా పనిచేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల్ని పెద్దవి చేసి చూపిస్తుంది. ఈ మూడు కాంతుల కలయికతోనే తెర మీద అన్ని రంగులూ వస్తాయి. మూడూ కలిస్తే తెలుపు. రంగు పొడులు కలిపితే మాత్రం నల్లబడతాయి. ఒక్కో పొడి కొన్ని రంగుల్ని పీల్చేస్తుంది కాబట్టి చివరికి తిరిగి వచ్చే కాంతి తగ్గిపోతుంది.

11. కన్ను: మన దగ్గరున్న కటకం

కంటి కటకం ఎదుటి దృశ్యపు తలకిందుల బొమ్మను వెనకనున్న రెటీనా మీద వేస్తుంది. మెదడు దాన్ని సరిగ్గా అర్థం చేసుకుంటుంది. కొందరికి దూరపు వస్తువుల బొమ్మ రెటీనాకు ముందే పడుతుంది. దగ్గరివి బాగా కనిపిస్తాయి, దూరపువి మసకబారతాయి. ఇది హ్రస్వదృష్టి. పుటాకార కటకంతో సరిచేస్తారు. దగ్గరివి మసకబారితే దీర్ఘదృష్టి. దానికి కుంభాకార కటకం వాడతారు.

కటక సామర్థ్యాన్ని డయాప్టర్లలో చెబుతారు. 100ను సామర్థ్యంతో భాగిస్తే నాభ్యంతరం సెంటీమీటర్లలో వస్తుంది. ‘మైనస్ 2’ అంటే 50 సెం.మీ. ఆ పిల్లవాడికి కళ్లద్దాలు లేకపోతే 50 సెంటీమీటర్లు దాటిన ప్రతిదీ మసకే. నల్లబల్ల పదిహేను అడుగుల దూరంలో ఉంటుంది. ఇప్పుడు ఆలోచించండి. వెనక బెంచీలో కూర్చుని పక్కవాడి నోట్సు చూసి రాసుకునే పిల్లవాణ్ని మనం ‘మొద్దు’ అంటాం. అతనికి బోర్డే కనిపించడం లేదేమో! నా తరగతిలో అలాంటి అబ్బాయి ఒకడు కళ్లద్దాలు పెట్టుకున్న మొదటి రోజు చింతచెట్టు వైపు చూసి, ‘సార్, ఆకులు విడివిడిగా ఉన్నాయి’ అన్నాడు. పద్నాలుగేళ్లు వాడికి చెట్టంటే పచ్చని ముద్దే. అందరికీ అలాగే కనిపిస్తుందనుకున్నాడు.

మసకగా చూసేవాడికి తను మసకగా చూస్తున్నానని తెలియదు. అందుకే ఈ వారమే ఒక పని చేయండి. వెనక బెంచీ నుంచి ఒక్కో కన్ను మూసుకుని బోర్డు మీది అక్షరాలు చదవండి. స్నేహితులు చదివినవి మీరు చదవలేకపోతే, తరచూ తలనొప్పి వస్తుంటే, సైన్సు మాస్టారికో వార్డెన్ గారికో చెప్పండి. 1976 నుంచి నడుస్తున్న జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడి పిల్లలకు కంటి పరీక్షలు చేసి ఉచితంగా కళ్లద్దాలు ఇస్తారు. సర్కారు ఆసుపత్రిలో అడగండి. కళ్లద్దాలు పెట్టుకున్నవాణ్ని ‘నాలుగు కళ్లోడు’ అని ఏడిపించడం మన హాస్టల్‌లో ఉండకూడదు. ఆ ఏడిపింపుకు భయపడి అద్దాలు ట్రంకు పెట్టెలో దాచుకున్న పిల్లలున్నారు. అలా దాచుకుంటే వాళ్ల చదువు కూడా ఆ పెట్టెలోనే ఉండిపోతుంది.

12. పరీక్షకు నాలుగు మాటలు

కిరణచిత్రాలు పెన్సిలుతో, స్కేలుతో గీయండి. కిరణాలకు బాణం గుర్తు తప్పనిసరి. నిజ కిరణాలు గీతలుగా, వెనక్కి పొడిగించినవి చుక్కల గీతలుగా ఉండాలి. నిర్వచనం రాశాక నిత్యజీవితం నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి. చేసి చూసినవాడి ఉదాహరణకు, గైడు చూసి రాసినవాడి ఉదాహరణకు తేడా దిద్దేవాళ్లకు తెలుస్తుంది.

స్వయంగా ప్రయత్నించండి:

1. అద్దంలో గడియారం 8 గంటల 20 నిమిషాలు చూపిస్తోంది. అసలు సమయం ఎంత?
2. మీరు అద్దం వైపు సెకనుకు 1 మీటరు వేగంతో నడిస్తే, మీ ప్రతిబింబం మీకు ఎంత వేగంతో దగ్గరవుతుంది?
3. చెరువు అడుగు 9 అడుగుల లోతులో ఉన్నట్టు కనిపిస్తే నిజ లోతెంత?
4. సాయంత్రం 5 గంటలకు వాన వెలిసి ఎండ వచ్చింది. ఇంద్రధనుస్సు కోసం ఏ దిక్కుకు చూడాలి?
5. తాతగారి చదివే అద్దాలు ప్లస్ 2.5. నాభ్యంతరం ఎంత?

జవాబులు: 1. మూడు గంటల నలభై నిమిషాలు. 2. సెకనుకు 2 మీటర్లు. 3. పన్నెండు అడుగులు. 4. తూర్పు. 5. నలభై సెం.మీ.

జవాబులు ముందే చూసినవాళ్లు కారణాలు రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి. పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఈసారి హాస్టల్‌కు వచ్చేటప్పుడు స్వీట్లతోపాటు ఒక గాజు పట్టకం, రెండు కటకాలు, ఒక పుటాకార దర్పణం తెచ్చి ఇవ్వండి. పెద్ద ఖర్చు కాదు, ఏళ్ల తరబడి పిల్లల చేతుల్లో ఉంటాయి. అవి వచ్చేదాకా తమ్ముళ్లూ, మీ చెంచా, గిన్నె ఉన్నాయి. వాటితో మొదలుపెట్టండి.